కోటా బియ్యమూ కోటగోడే

నెల మొదటి తారీకు పొద్దున్నే మా సబ్బవరం వీధిలో సందడి మొదలవుతుంది. సచివాలయం అమ్మాయి వేలిముద్రల మిషను పట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరుగుతుంది. మా ఎదురింటి ముసలమ్మ ఆ రోజు కోడి కూయకముందే లేచి, తలకు నూనె రాసుకుని అరుగు మీద కూర్చుంటుంది. ఏళ్ల తరబడి ఇటుకలు మోసిన చేతులు ఆవిడవి. వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మిషను ఒకసారి ఒప్పుకోదు, రెండోసారీ ఒప్పుకోదు. వేలు చీర చెంగుకి తుడిచి, కాస్త తడిచేసి మళ్లీ నొక్కుతుంది. మూడోసారో నాలుగోసారో లైటు వెలుగుతుంది. అమ్మాయి నాలుగు వేలు లెక్కపెట్టి చేతిలో పెడితే, ముసలమ్మ మళ్లీ తను ఒకసారి లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంటుంది.

మొన్న ఆ ముడి పడుతున్న వేళకి మా పెద్దబావ మా అరుగు మీదే ఉన్నాడు. నేవల్ డాక్‌యార్డులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన మనిషి. చదువుతున్న పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని, "ఇలా పంచుకుంటూ పోతే సరిహద్దు కాయడానికి ఏటి మిగుల్తాది బావా?" అన్నాడు. వెటకారంగా అనలేదు, ఆ ముసలమ్మ మీద కోపంతోనూ అనలేదు. దేశం గురించి నిజమైన దిగులుతో అన్నాడు. అందుకే ఆ మాటకు జవాబు చెప్పకుండా ఊరుకోలేకపోతున్నాను.

అది మా బావ ఒక్కడి మాటయితే అరుగు మీదే తేలిపోయేది. ఇప్పుడు దేశమంతా అదే పాట. టీవీ చర్చల్లో, రిటైరైన పెద్దల సభల్లో, అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కడ విన్నా ఒకటే వరస: పేదలకు పెట్టేది దయ, సైన్యానికి పెట్టేది భద్రత, బొక్కసం ఒక్కటే కనుక దయ పెరిగితే భద్రత తరుగుతుంది, తేరగా తిన్న జనం మెత్తబడిపోతారు, మెత్తబడిన జనంతో దేశం నిలవదు. 2022లో ప్రధానమంత్రి నోట "రేవడీ" (పంచిపెట్టే మిఠాయి) అనే మాట వచ్చాక ఈ వాదనకు ఒక ముద్దుపేరు కూడా దొరికింది. పింఛను, కోటా బియ్యం, బడిలో అన్నం, తుపాను సాయం, అన్నీ కలిపి ఒకే పళ్లెంలో పోసి రేవడీ అనేస్తున్నారు.

ఇది తప్పు వాదన. లెక్కల్లోనే తప్పు, చరిత్రలో అంతకంటే పెద్ద తప్పు. విశాఖపట్నానికి ఇంత దగ్గర్లో ఉండి ఈ మాట నమ్మేవాళ్లని చూస్తే నాకు మరీ బాధగా ఉంటుంది. ఎందుకంటే ఇది తప్పని చెప్పే సాక్ష్యాలు మన కళ్ల ముందే పడి ఉన్నాయి.

ముందు లెక్క చూద్దాం, అది చిన్నది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణకు కేటాయించినది 6.81 లక్షల కోట్లు. ఎనభై కోట్ల మందికి బియ్యం, గోధుమలు ఇచ్చే ఆహార సబ్సిడీ 2 లక్షల కోట్ల పైచిలుకు. అంటే రక్షణ పద్దు తిండి పద్దుకు మూడు రెట్లకు పైనే. తిండి గింజలు రక్షణ పద్దును మింగేస్తున్నాయనే మాట ఇక్కడే నిలవదు. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22కు తగ్గించినప్పుడు ఏడాదికి 1.45 లక్షల కోట్ల రాబడి వదులుకుంటున్నామని ఆర్థికమంత్రే చెప్పారు. ఆ రోజు ఏ అరుగు మీదా, ఏ టీవీలోనూ "సరిహద్దు ఎవరు కాస్తారు" అన్న ప్రశ్న నేను వినలేదు. నాలుగు వేలు కొంగున కట్టుకునే చెయ్యి కనబడ్డప్పుడే ఆ ప్రశ్న నోటికొస్తోంది. ఇంకో సంగతి. ఆ 6.81 లక్షల కోట్లలో సుమారు 1.6 లక్షల కోట్లు మాజీ సైనికుల, రక్షణ ఉద్యోగుల పింఛన్లే. దాన్ని ఎవరూ ఉచితం అనరు, అనకూడదు. తను లేకపోయినా, ముసలైపోయినా ఇల్లు గడుస్తుందన్న భరోసా లేకుండా ఏ సైనికుడూ మంచుకొండ మీద నిలబడలేడని మనకు తెలుసు. మరి ఆ సైనికుణ్ణి కన్న ఊరికి మాత్రం ఆ భరోసా ఎందుకు అక్కర్లేదు?

సంజీవయ్యగారిని ఇక్కడ తలుచుకోవాలి. మా సబ్బవరంలో న్యాయప్రస్థ ప్రాంగణంలో ఉన్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. 1960లో ముఖ్యమంత్రి అయ్యాక ఈ రాష్ట్రంలో వృద్ధాప్య పింఛనుకు నాంది పలికింది ఆయనే. రోజూ ఆ గేటు ముందు నుంచి వెళ్లే ఆటోల్లో ముసలివాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గాని, ఆ పింఛను వయసు అరవై దాటిపోయింది. ఈ అరవై ఏళ్లలో దేశం 1965లో, 1971లో, 1999లో యుద్ధాలు చేసింది. పింఛను ఇచ్చినందువల్ల ఓడిపోయిన యుద్ధం ఏదో చెప్పమనండి.

విశాఖ రేవు దగ్గర డాల్ఫిన్ నోస్ కొండ ఉంది కదా, దాని కడుపులో రాయి తొలిచి ముడిచమురు దాచారు. 13.3 లక్షల టన్నులు పట్టే గుహలవి, 2015లో వాడకంలోకి వచ్చాయి. మంగళూరు, పాదూరు దగ్గర కూడా ఇలాంటివే కట్టారు. ఎక్కడో యుద్ధం వచ్చి ఓడలు ఆగిపోతే దేశం కొన్నాళ్లు నడవడానికి ఈ ఏర్పాటు. వీటిని వ్యూహాత్మక నిల్వలు అంటారు. చాలా మంచి పని. అదే రకంగా గోడౌన్లో బస్తాలకెత్తి, రేషన్ డిపోల దాకా చేర్చే బియ్యాన్ని మాత్రం సబ్సిడీ భారం అంటారు. చమురు లేకపోతే బండ్లు ఆగుతాయి, బియ్యం లేకపోతే మనుషులు ఆగుతారు. ఒకటి నిల్వ, ఇంకొకటి భారం ఎలా అయిందో ఈ రేవడీ పండితులు చెప్పాలి.

ఇప్పుడు చరిత్రకు వద్దాం. ఆర్కే బీచ్‌కి వెళ్లినవాళ్లంతా కురుసుర జలాంతర్గామి ముందు ఫోటో దిగుతారు. దానికి దగ్గర్లోనే సముద్ర విజయ స్మారకం ఉంది. 1971 డిసెంబరు 3-4 రాత్రి మన రేవు ముంగిట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. విక్రాంత్‌ని వెతుక్కుంటూ, మైన్లు పరచడానికి వచ్చింది. మన నావికాదళం దెబ్బకి మునిగిందని మనం, దానిలోని పేలుడు వల్లే మునిగిందని వాళ్లు అంటారు. అందులో ఉన్న తొంభై మందికి పైగా నావికులు అడుగునే ఉండిపోయారు. ఈ కథ విశాఖలో చిన్నపిల్లలకూ తెలుసు. దీనికి ఒక ఏడాది ముందు జరిగిన కథ పెద్దలకు కూడా పెద్దగా తెలియదు.

1970 నవంబరు 12 రాత్రి తూర్పు పాకిస్తాన్ తీరాన్ని భోలా తుపాను కొట్టింది. గంగ, బ్రహ్మపుత్ర కలిసే ఆ లంకల్లో ఉప్పెన వచ్చి తెల్లారేసరికి కనీసం మూడు లక్షల మంది పోయారు. మన దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్ల లెక్కకు ముప్పై రెట్లు. అప్పుడు పాకిస్తాన్‌ని ఏలుతున్నది సైనిక ప్రభుత్వం. అధ్యక్షుడు యాహ్యాఖాన్ చైనా నుంచి తిరిగొస్తూ విమానంలోంచి ఒకసారి చూసి వెళ్లిపోయాడు. సాయం రోజుల తరబడి అందలేదు. శవాలు పూడ్చే దిక్కు లేదు, తాగడానికి నీళ్లు లేవు. విదేశీ హెలికాప్టర్లు వచ్చాయిగాని సొంత ప్రభుత్వ హెలికాప్టర్లు కదలలేదని అక్కడి జనం మండిపడ్డారు. నెల తిరక్కుండానే డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాల్లో అవామీ లీగ్ 160 గెలిచింది. ఆ తీర్పును ఇస్లామాబాద్ ఒప్పుకోలేదు. 1971 మార్చిలో సైన్యాన్ని దింపింది. కోటి మంది సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. డిసెంబరు 16న పాకిస్తాన్ వైపు 93 వేల మంది లొంగిపోయారు. దేశం రెండుగా చీలింది.

తుపాను ఒక్కటే బంగ్లాదేశ్‌ను పుట్టించిందని నేను అనడం లేదు. భాష గొడవ 1952 నాటికే రగిలింది, దోపిడీ మీద కోపమూ ఉంది. కాని "ఈ ప్రభుత్వం మనది కాదు" అన్న అనుమానం అనుమానంగా మిగలకుండా తేల్చేసింది మాత్రం ఆ నవంబరు రాత్రి, దాని తర్వాతి వారం. పాకిస్తాన్‌కు ఆనాడు ఆయుధాలు తక్కువా? అమెరికా ఇచ్చిన జలాంతర్గామి ఉంది, సాబర్ జెట్లు ఉన్నాయి, క్రమశిక్షణ గల సైన్యం ఉంది. భోలా ద్వీపానికి బియ్యం పంపలేని రాజ్యం విశాఖకు ఘాజీని పంపింది. రెండూ ఒకే రాజ్యం చేసిన లెక్కలే. స్మారకం దగ్గర నిలబడినప్పుడు మా బావకి ఇది గుర్తుకు రావాలని నా కోరిక.

అదే ఏడాది మన వైపు చూడండి. కోటి మంది కాందిశీకులకు గుడారాలు వేశాం, పప్పన్నం పెట్టాం. పేద దేశం, మనకే చాలని రోజులు. ఆ అన్నదానం వల్ల మనం బలహీనపడలేదు. ప్రపంచం ముందు మన మాటకు బలం వచ్చిందే ఆ శిబిరాల వల్ల. ఇలా ఆదుకోవడం మనకు కొత్త కాదు. కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు ఎలా వచ్చిందో విశాఖ పాతకాపులకు తెలుసు. 1962లో నె విన్ గద్దెనెక్కి దుకాణాలన్నీ జాతీయం చేశాక, తరతరాలుగా రంగూన్‌లో బతికిన మనవాళ్లు కట్టుబట్టలతో ఓడల్లో విశాఖ రేవుకు దిగారు. వాళ్లకు నిలువ నీడ చూపించిన ఊరు వాళ్లనే తన మనుషులుగా చేసుకుంది.

ఇంకా దగ్గరికి రండి. రాయపూర్ నుంచి 464 కిలోమీటర్లు కొండలు దాటుకుంటూ వచ్చే ఆరు వరుసల రోడ్డు మా సబ్బవరం దగ్గర తేలుతుంది. ఆ దారికి చేరువలోని కొండల్లోనే 1967 నుంచి 1970 దాకా శ్రీకాకుళం గిరిజనోద్యమం రగిలింది. ఎందుకు రగిలింది? షావుకారి అప్పు, పోయిన పోడు, పండిన పంట కల్లంలోనే తూకం మోసంతో మాయమవడం. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపి ఇద్దరు గిరిజనుల్ని చంపేశాక నిప్పు అంటుకుంది. ప్రభుత్వం పోలీసు బలగాల్ని దింపింది, నాయకుల్ని కాల్చేసింది. అంతటితో చల్లారిందని అనుకునేవాళ్లు 1/70 చట్టం సంగతి మర్చిపోతారు. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదని 1970 ఫిబ్రవరిలో గట్టి చేసిన చట్టం అది. ఉద్యమం నడుస్తుండగానే వచ్చింది. ఆ చట్టమూ, గిరిజన సహకార సంస్థ డిపోలూ, తర్వాత వచ్చిన ఐటీడీఏలూ లేకుండా తుపాకీతోనే ఆ కొండలు నిమ్మళించేవని వాదించేవాళ్లు అక్కడ ఒక సంత రోజు గడిపి రావాలి. గిరిజన గ్రామాల్లో ఆ సంస్థ నడిపే డీఆర్ డిపో అంటే ప్రభుత్వం మొహం. ఉప్పు, బియ్యం, కిరసనాయిలు ఆ మొహంతోనే వచ్చాయి. పోలీసు క్యాంపు ముందొచ్చి డిపో తర్వాతొచ్చిన ఊరికీ, డిపో ముందొచ్చిన ఊరికీ తేడా అక్కడి మనుషుల్ని అడిగితే చెబుతారు. ఇప్పటికీ నిండు చూలాలిని డోలీలో మోసుకొచ్చే ఊళ్లు ఆ కొండల్లో ఉన్నాయి. ఆ దారి వెయ్యడం దయ కింద రాసుకుంటారో, భద్రత కింద రాసుకుంటారో నాకు పట్టింపు లేదు. వెయ్యకపోతే రేపు పోయేది మాత్రం భద్రతే.

హుద్‌హుద్ తుపాను గురించి రాయకుండా మా ప్రాంతంవాడు ఈ వ్యాసం రాయలేడు. 2014 అక్టోబరు 12, ఆదివారం. మల్కాపురంలో ఉండే పెద్దబావ కుటుంబం శనివారం సాయంత్రమే మా ఇంటికి వచ్చేసింది, సముద్రానికి దగ్గర్లో ఉండొద్దని అధికారులు మైకులో చెప్పారని. మాది డాబా ఇల్లు. వీధిలో రేకుల ఇళ్లవాళ్లూ, తాటాకు ఇళ్లవాళ్లూ కూడా ఒక్కొక్కరే వచ్చి చేరారు. మధ్యాహ్నం వేళ తుపాను కన్ను విశాఖ మీదుగా దాటుతున్నప్పుడు గాలి ఒక్కసారిగా ఆగింది. పోయిందనుకుని ఒకడు తలుపు తీయబోతే మా అమ్మ చెయ్యి పట్టుకుని లాగేసింది. కాసేపటికి గాలి అటు నుంచి ఇటు తిరిగి, ఇంకా కసిగా కొట్టింది. గంటకు 180 కిలోమీటర్ల దాకా పోయిందని తర్వాత విన్నాం. కిటికీ రెక్క ఊడి ఎటు పోయిందో కనబడలేదు. దాన్ని పరుపుతో మూసి ఇద్దరు రాత్రంతా ఆ పరుపుకు వీపులానించి కూర్చున్నారు. అందులో బావ ఒకడు.

తెల్లారి చూస్తే చెట్లకు ఆకు లేదు. మంట పెట్టి కాల్చినట్టు నల్లగా మోడులు. కరెంటు స్తంభాలు రోడ్డు మీద అడ్డంగా, ఫోన్లు మూగబోయి. విశాఖ విమానాశ్రయం నావికాదళపు డేగ స్థావరంలోనే ఉంది కదా, దాని పైకప్పు చీలిపోయి రోజుల తరబడి ప్రయాణికుల విమానాలు దిగలేదు. తూర్పు నౌకాదళానికి ప్రధాన కేంద్రం ఈ ఊరు. ఓడలు ముందే నడిసముద్రానికి వెళ్లిపోయి క్షేమంగా ఉన్నాయి. కాని ఆ ఓడల మీది మనుషుల ఇళ్లు, వాళ్ల పిల్లలు తాగే పాలు, డాక్‌యార్డుకి నడిచి వచ్చే కార్మికుల కప్పులు ఊళ్లోనే ఉన్నాయి. ఆ వారం ఈ నౌకా కేంద్రం నిలబడిందీ లేనిదీ తేల్చింది ఏమిటి? పక్క జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి వచ్చి స్తంభాలెక్కిన కరెంటు కార్మికులు. ట్యాంకర్లతో నీళ్లు. డిపోలు. ప్రభుత్వం ఇంటికి పాతిక కిలోల బియ్యం, మత్స్యకారులకైతే యాభై కిలోలు ప్రకటించింది. మా డిపో దగ్గర వరసలో నేనూ నిలబడ్డాను, నా వెనకే బావ. తడిసిన గోనెసంచి వాసన ఇప్పటికీ ముక్కున ఉంది. దీన్ని ఆయన్ని ఎత్తిపొడవడానికి రాయడం లేదు. ఆ వరసలో మా ఇద్దరికీ సిగ్గు వెయ్యలేదు, వెయ్యనక్కర్లేదు. దేశం మన వెనక ఉందని నమ్మడానికి నాకు ఆ గోనెసంచి కంటే గట్టి రుజువు అంతకు ముందూ దొరకలేదు, తర్వాతా దొరకలేదు.

డిపో అన్నది తుపాను రోజున పుట్టదు. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పుడు కూడా ఇవే మాటలు అన్నారు, ఖజానా గుల్లయిపోతుందని, జనం సోమరులైపోతారని. ముప్పై ఏళ్లుగా ప్రతి ఊళ్లో ఒక డీలరు, ఒక తూకం, ఒక కార్డుల పుస్తకం నడుస్తూ ఉండబట్టే హుద్‌హుద్ తర్వాత వారంలో లక్షల ఇళ్లకు బియ్యం చేరాయి. మామూలు రోజుల్లో దండగ అని మూసేస్తే ఆపద రోజున తెరవడానికి ఏమీ ఉండదు. తుపాను షెల్టరూ అంతే. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కే పదివేల దాకా. ఆ గుండెకోత తర్వాత తీరం పొడవునా షెల్టర్లు కట్టారు, హెచ్చరికల పద్ధతి మార్చారు. 1990 మేలో అంతటి తుపానే అదే కృష్ణా తీరాన్ని కొట్టినప్పుడు పోయినవాళ్లు 967. హుద్‌హుద్‌లో మన రాష్ట్రంలో వంద లోపు. ఒడిశా 1999లో పదివేల మందిని పోగొట్టుకుని, 2019 ఫణి నాటికి ఆ సంఖ్యను 64కి దించింది. ఏ యుద్ధనౌక ఇన్ని ప్రాణాలు కాపాడింది?

భద్రత పేరుతో మనుషుల్ని పక్కన పెడితే ఏమవుతుందో కూడా ఈ తీరం చూసింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ ఖాళీ అయింది. ఆ భయంలోనే బ్రిటిష్ ప్రభుత్వం బెంగాల్ తీరంలో శత్రువుకు ఏమీ దొరకకూడదని పడవల్ని లాగేసుకుంది, పల్లెల్లో మిగులు ధాన్యాన్ని తరలించింది. జపాన్ సైన్యం బెంగాల్లో దిగనే లేదు. 1943లో కరువు దిగింది. ముప్పై లక్షల మంది పోయారు. మొత్తం రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన భారతీయ సైనికులు 87 వేల మంది. పడవ లాక్కోవడాన్ని ఆనాడు రక్షణ వ్యూహం అన్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి ఇక్కడ ఆ సామ్రాజ్యమే లేదు.

"జనం మెత్తబడిపోతారు" అనే మాట మిగిలింది. దీనికి జవాబు మా బైపాస్ సర్వీసు రోడ్డు మీద తెల్లవారుజామున నాలుగున్నరకి దొరుకుతుంది. ఆర్మీ ర్యాలీకి తయారయ్యే కుర్రాళ్లు అక్కడ పరుగెడతారు. చెప్పుల్లేని కాళ్లతో కొందరు, అన్న బూట్లు తొడుక్కుని కొందరు. 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొడితే పూర్తి మార్కులు. మన రాష్ట్రం కుర్రాడికి 166 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. పరుగు సాధనతో వస్తుంది, ఎత్తు రాదు. ఎత్తుకు పునాది చాలావరకు అమ్మ కడుపులో ఉన్నప్పుడు, ఆ తర్వాత రెండేళ్లలో పడుతుంది. పోయినేడు ఒక కుర్రాడు సెంటీమీటరు తక్కువై తిరిగొచ్చి, మా గేటుకి ఆనుకుని నిలబడి ఏడ్చాడు. వాణ్ణి వెనక్కి పంపింది పద్దెనిమిదేళ్ల కిందట ఒక పల్లె ఇంట్లో దొరకని గుడ్డు, పాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆడవాళ్లలో 59 శాతం మందికి రక్తహీనత. అంగన్‌వాడీ గుడ్డును రేవడీ అనేవాళ్లు ఈ రెండు అంకెల్ని సైనిక నియామక అధికారి ముందు పెట్టి చూడాలి. అమెరికా ఈ పని ఎప్పుడో చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో తిండి సరిగా లేక దేహదారుఢ్య పరీక్షల్లో తప్పిపోయిన కుర్రాళ్ల సంఖ్య చూసి బెదిరి, 1946లో బడి భోజన చట్టం చేసింది. అది జాతీయ భద్రతా చర్య అని ఆ చట్టంలోనే రాసుకుంది. సంక్షేమం అంటే గిట్టని దేశం అని మనం చెప్పుకునే దేశం!

ఇక శ్రీలంక. "ఇలాగే పంచితే శ్రీలంక అయిపోతాం" అని భయపెట్టడం ఒక అలవాటైంది. శ్రీలంక బియ్యం పంచి పడిపోలేదు. 2019లో పన్నులు అడ్డగోలుగా తగ్గించింది, విదేశీ అప్పులు మెడకు చుట్టుకున్నాయి, కోవిడ్‌తో పర్యాటకం పోయింది, 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్క దెబ్బతో ఆపేసి వరి పంటను దెబ్బతీసింది. 2022 జులైలో దేశం విడిచి పారిపోయిన గొటబయ రాజపక్స ఎవరు? 2009లో తమిళ పులుల మీద యుద్ధం గెలిచినప్పటి రక్షణ కార్యదర్శి. సైన్యం చెక్కుచెదరలేదు, శత్రువు లేడు. వంట గ్యాసు, పాలపొడి, పెట్రోలు లేవు. అధ్యక్ష భవనంలోకి వచ్చింది ఇళ్లలోంచి లేచొచ్చిన జనం.

అవతలివాళ్ల మాటలో నిజం లేదని నేను అనను. ఓట్ల ముందు రోజు పుట్టి, ఓట్ల మర్నాడు చచ్చే పథకాలున్నాయి. పేదవాడి పేరుతో బయల్దేరిన కోటా బియ్యం మిల్లులో మెరుగు పెట్టుకుని కాకినాడ రేవులో ఓడెక్కుతోందని 2024లో రాష్ట్రమంతా చూసింది. అది దొంగతనం, దానికి శిక్ష పడాలి. గోడలో ఇటుకలు ఎవడో ఎత్తుకెళ్తుంటే దొంగను పట్టుకుంటాం గాని, గోడ అనవసరమని కూలగొట్టం. నా ఫిర్యాదు ఇంకో వైపు నుంచి ఉంది. మన ప్రభుత్వాలకు చెక్కు రాయడం వచ్చినంత తేలిగ్గా కాపు కాయడం రావడం లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. పన్నెండు మంది పోయారు. కుటుంబానికి కోటి రూపాయలు ఇచ్చారు. మంచిదే. కాని కర్మాగారంలో 36 చోట్ల నుంచి మోగించగల సైరన్ ఆ రాత్రి మోగలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీయే తేల్చింది. మోగి ఉంటే ఆ కోట్లు ఎన్ని మిగిలేవో పక్కన పెట్టండి, మనుషులు మిగిలేవారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో మందుల కర్మాగారం పేలి పదిహేడు మంది పోయారు. పరవాడ కర్మాగారాల వైపు నుంచి గాలి తిరిగితే వచ్చే వాసన మా ఊళ్లో తెలుస్తుంది. రాత్రిపూట ఆ వాసన మారితే లేచి కూర్చునే అలవాటు నాకు 2020 నుంచీ ఉంది. ఏ వాసనకి ఏ దిక్కుకి పరుగెత్తాలో మా వీధిలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

నమ్మకం సంగతీ అంతే. ఉక్కు కర్మాగారం కోసం అరవైకి పైగా ఊళ్లు లేచిపోయాయి. నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలైపోయినవాళ్లు గాజువాక చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. అదే కర్మాగారం 2021 ఏప్రిల్‌లో దేశం ఊపిరాడక గిలగిల్లాడుతున్నప్పుడు ఏడు ట్యాంకర్ల ద్రవ ఆక్సిజన్ నింపి మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్‌ను మహారాష్ట్రకు పంపింది. ఆ ట్యాంకర్లు నిండింది ఆ ఊళ్ల నేల మీద. రేపు రోడ్డుకో, నౌకా స్థావరానికో మళ్లీ భూమి అడిగినప్పుడు రైతు మొదట అడిగేది ఆర్ కార్డుల సంగతే. ఆ బాకీ తీర్చడం రక్షణ శాఖ పద్దులో ఉండాల్సిన ఖర్చు అని నా అభిప్రాయం.

ఇదంతా ఆ పొద్దున బావకి చెప్పలేదు. అంత సేపు వినే ఓపిక ఆయనకీ లేదు, కాఫీ చల్లారిపోతోంది. ఒక్కటే అడిగాను: "హుద్‌హుద్ రాత్రి మనింట్లో ఎంతమంది పడుకున్నాం బావా?"

ఆయన పేపరు పక్కన పెట్టి వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలెట్టాడు. మీ అమ్మ, మా పిల్లలు ముగ్గురు, రేకుల ఇంటివాళ్లు ఆరుగురు, మంగలి వీధి నుంచి వచ్చినవాళ్లు... ఇరవై రెండు దగ్గర ఆగాడు. వీధికి అవతల ముసలమ్మ కొంగు ముడి విప్పి నోట్లు మళ్లీ లెక్కపెట్టుకుంటోంది. ఆవిడ వైపు కాసేపు చూశాడు.

"ఈవిణ్ణి మర్చిపోయాను. పరుపు జారిపోకుండా నా పక్కన కూకున్నాది ఈవిడే కదా," అని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలెట్టాడు.